మహారాజశ్రీ ప్లాస్టిక్ షీటు గారి సముఖమునకు

మహారాజశ్రీ తెల్ల పాలిస్టైరిన్ షీటు గారికి, గంజాం జిల్లా బరంపురం నుండి నమూనా ఓడలు కట్టుకునే ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి.

ఓడరేవుల్లో పెద్ద ఓడలను నెట్టే 24 మీటర్ల టగ్గును 1:24 స్కేలులో మీటరు పొడవున కడుతూ, దాని సూపర్‌స్ట్రక్చరును, అంటే డెక్కు మీద నిలిచే గదులను, ఓడను నడిపే గది అయిన వీల్‌హౌసును, పొగగొట్టాన్ని తమ చేతుల్లో పెట్టాము. తమ దర్శనమే దుర్లభం. బోర్డులు రాసే దుకాణాల్లో తమ పేరు చెబితే, ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా, సన్‌బోర్డు చేతికిస్తారు. అది పీవీసీ నురగ, తమ వంశం కాదు.

తమ వినయం చూసినవారెవరైనా మోసపోతారు. కత్తితో ఒక గీత గీసి వంచితే చాలు, గీత వెంబడే నిటారుగా విరుగుతారు. బ్రష్షు కొనతో ద్రావకం తాకిస్తే అది సందులోకి తనంతట తానే పాకి, రెండు అంచులనూ కరిగించి ఏకం చేస్తుంది. కిటికీలు మాత్రం గోడ నిలబెట్టకముందే కోయాలట, మూలల్లో ముందుగా రంధ్రాలు వేయాలట, లేకుంటే కోత మూల దాటి పరుగెత్తుతుందట. సరే, పెద్దవారి మర్యాదలు పెద్దవారివి.

అయితే డెక్కు బల్లలా చదునుగా ఉండదన్న సంగతి తమకెవరూ చెప్పలేదా? నీరు పక్కలకు జారిపోవడానికి అది మధ్యలో ఎత్తుగా ఉంటుంది, ముక్కు వైపు పైకి లేస్తుంది. తమరు మాత్రం పుట్టుకతో సమతలం. అందుచేత డెక్కు మీద ఉప్పుకాగితం పరచి, గది అడుగు అంచును దాని మీద ఓపికగా ముందుకూ వెనక్కూ రుద్ది, తమచేత ఆ వంపును ఒప్పించవలసి వస్తుంది.

ఇక బరువు. ఈ స్కేలులో కొలతలు 24 వంతులు తగ్గితే బరువు 24×24×24, అంటే 13,824 వంతులు తగ్గుతుంది కనుక, అసలు టగ్గులోని ఒక టన్ను మా టగ్గులో సుమారు 72 గ్రాములు. 1 మి.మీ. మందంతో 30 సెంటీమీటర్ల చదరపు పలకగా తమరొక్కరే 95 గ్రాములు తూగుతారు. అంటే తమరు వీల్‌హౌసు కప్పు మీద ఆసీనులైతే అసలు ఓడ నెత్తిన టన్నుంబావు సరుకు ఎక్కించినట్టే, గరిమనాభి పైకి లేచి పడవ పక్కకు ఒరుగుతుంది. పోనీ 6 మి.మీ. ఉక్కు గోడకు లెక్క ప్రకారం పావు మి.మీ. పలక వాడదామంటే, తాకితే చాలు తమరు వణికిపోతారు.

అందుకే రెండు పలుచని పలకలను జతచేసి అతికిస్తాము. తమ అసలు స్వరూపం అప్పుడు బయటపడుతుంది. మధ్యలో చిక్కుకున్న ద్రావకం ఆవిరికి దారి దొరకక, వారాల తరబడి లోపలే కూర్చుని తమను మెత్తబరుస్తుంది. తమరు మాత్రం రంగు పడి, రెయిలింగులు నిలిచి, అద్దాలు అమరేదాకా నోరు మెదపకుండా ఉండి, ఆ తరువాత తీరుబడిగా ఉబ్బుతారు. ప్రారంభోత్సవం దాకా నునుపుగా ఉండే కాంట్రాక్టు రోడ్డుకు తమరు స్వయానా అన్నగారు. లోపలి పలకకు ముందే చిల్లులు పొడిస్తే ఆవిరి బయటపడుతుంది, నిజమే. కానీ ఊపిరాడటానికి కూడా తమకు దరఖాస్తు పెట్టుకోవాలా?

ఇక్కడ కార్తీక పౌర్ణమి నాడు ఒడియావారు బొయిత బందాణకు అరటి దొప్పలతో పడవలు చేసి నీళ్లలో వదులుతారు, మా తెలుగిళ్లలో పోలి పాడ్యమికి అదే దొప్పలో దీపం పెడతారు. ఆ దొప్పకు వీల్‌హౌసు లేదు, స్కేలు లేదు, అయినా ఒరగదు. రేపటికి వాడిపోతుంది గానీ, వాడిపోననే భ్రమ ఎవరికీ కల్పించదు.

కాబట్టి తమకు మా మనవి ఒక్కటే. వంకర తిరగదలచుకుంటే రంగు డబ్బా మూత తీయకముందే తిరగండి.

ఇట్లు,
తమ తెల్లని పొడి తుమ్ముతూ,
బరంపురం వాస్తవ్యుడు