చూడటంలో మేం నిపుణులం

వైద్యంలో అన్నిటికన్నా కష్టమైన పని గుండె ఆపరేషన్ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, పాపం. అసలు కష్టం 'అబ్జర్వ్' చేయడంలో ఉంది.

పాలమూరుకు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలకు 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. చాలా మంచి సంగతి. నేను చెప్పేది వీటిలో దేని గురించో, వేరే దేని గురించో అడగొద్దు. నాకింకా పరీక్షలున్నాయి.

2019లో మా ఎంబీబీఎస్‌కు కొత్త సిలబస్ వచ్చింది, దాంతోపాటు లాగ్‌బుక్కూ వచ్చింది. చేసినదానికీ చూసినదానికీ అందులో తేదీ, సార్ సంతకం, ఒక ఇంగ్లిష్ అక్షరం పడాలి. ఆశించినదానికంటే తక్కువైతే బీ, సరిపోతే ఎం, మించితే ఈ. చూడటంలో మించడం ఎలాగబ్బా? రెప్ప వేయకూడదా? పక్కవాడి వంతు కూడా మనమే చూసిపెట్టాలా? మా బ్యాచ్‌లో 'ఈ' వచ్చినవాడు ఆ టైంకి గేటు బయట చాయ్ తాగుతున్నాడు. అంత దూరం నుంచి చూశాడంటే మించినట్టే మరి.

మొన్న ఎల్‌పీ, అంటే వెన్నులోంచి నీళ్లు తీయడం. మంచం దగ్గర సార్, ఆయన చుట్టూ పీజీలు, వాళ్ల వెనక హౌస్‌సర్జన్లు, ఆ వెనక సీనియర్లు, గోడకు అతుక్కొని మేము. సూది నడుములో మూడో పూసకూ నాలుగో పూసకూ మధ్య దిగుతుందట. నాకు కనిపించింది ముందున్న అక్క క్లచర్. దానికి పన్నెండు పళ్లు, ఒకటి విరిగింది. ఒకడు స్టూలెక్కి ఫ్యాన్ రెక్కకు తల తగలకుండా వంగి చూశాడు. వాడికి సార్ బట్టతల కనిపించింది. "నీళ్లు క్లియర్‌గా ఉన్నాయి, చూశారా?" అన్నారు సార్. "చూశాం సార్!" క్లచర్ సాక్షిగా అందరం చూశాం. సంతకాలైపోయాయి.

మంచం మీదున్నది మర్రిగూడ దిక్కు తాత. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌కు ఎముకలు బిగుసుకుపోయి ఆయన నడుము వంగడం ఎప్పుడో మానేసింది. ఎల్‌పీకేమో పక్కకు తిరిగి మోకాళ్లు కడుపులోకి ముడుచుకోవాలి. "వంగు తాతా! ఇంకా వంగు! చెప్తే అర్థం కాదా?" అని నాలుగు గొంతులు. ఆయనెట్లా వంగుతాడు? ఫ్లోరోసిస్ మీద పది మార్కుల జవాబు ఆ గొంతులన్నిటికీ నోటికి వచ్చు కదా! తెర లాగలేదు. ఏం చేయబోతున్నారో చెప్పలేదు. ఇంతమంది నీ ఒళ్లు చూడొచ్చా అని ఒక్కరూ అడగలేదు. సంతలో ఎద్దు పళ్లు చూడాలన్నా ముందు ఆసామిని అడుగుతారు. ఆయన పేరు ఆ గదిలో ఎవరికీ తెలియదు, ఏడో బెడ్ అంతే. ఆయన ముసలామెను మాత్రం వరండాలోనే ఆపేశారు, లోపల గుంపు ఉంటే ఇన్‌ఫెక్షన్ వస్తుందట!

"పిల్లలు నేర్సుకుంటుండ్రు గదా, కానియ్యుండ్రి బిడ్డా" అని ఆ తాతే మాకు సర్దిచెప్పాడు.

మధ్యాహ్నం ఏట్‌కామ్ క్లాసు, అంటే డాక్టరుకు నడవడిక, నీతి, మాటతీరు నేర్పేది. రోగి అనుమతి, రోగి మర్యాద, అన్నీ స్లైడ్ల మీద రంగురంగుల్లో ఉన్నాయి. సగంమంది కునుకు తీశారు, హాజరు మాత్రం నిండుగా పడింది.

లాగ్‌బుక్‌లో ఇంకొక గడి పెట్టండి సార్. బీ, ఎం, ఈలలో ఏదివ్వాలో మంచం మీదున్న మనిషిని అడగండి. సంతకం రాకపోతే వేలిముద్ర చాలు. తాత జాలిగుండె మనిషి గనుక మమ్మల్ని పాస్ చేస్తాడేమో గానీ, వరండాలో నిలబెట్టిన ఆ ముసలామె చేతికి మాత్రం ఇంకుప్యాడ్ ఇవ్వకండి.