ఆ ఊదా రంగు మాంగనీసుది, లిథియంది కాదు
లెపిడోలైట్ అనే లిథియం అభ్రకంలో ఊదా రంగు ఎంత ముదిరితే లిథియం అంత ఎక్కువ అని మీ వ్యాసంలో రాశారు, నాకు అక్కడే పేచీ. ఆ రంగు మాంగనీసు చలవ. తెల్లగా, బూడిద రంగులో ఉండే లెపిడోలైట్ కూడా ఉంది. గులాబీ రంగు మస్కోవైటూ (మామూలు అభ్రకం) ఉంది, అది లిథియం ఖనిజమే కాదు. మాది గూడూరు, చిన్నప్పుడు కాకిబంగారం రేకులు పుస్తకాల మధ్య దాచుకున్నవాళ్లం. కానీ అదంతా ఆకుపచ్చ ఛాయ ఉన్న మామూలు అభ్రకం. ఊదా రంగుది మొదటిసారి చూసింది ఇక్కడ బెంగళూరులోనే, మా అమ్మాయి కమర్షియల్ స్ట్రీట్‌లో మనశ్శాంతి రాయి అని కొనుక్కొచ్చిన బిళ్ల. శాంతి సంగతేమోగానీ, పిన్నీసుతో గీస్తే గీత పడింది, అంచున సన్నటి పొలుసులు రాలాయి (గ్రీకులో పొలుసు అన్న మాట నుంచే ఆ పేరొచ్చింది). ఒక పొలుసు పట్టకారుతో గ్యాస్ మంటలో పెట్టాను. చిటపటమని పొంగి గాజు పూసలా కరిగింది, చుట్టూ నీలి మంట కాస్తా కుంకుమ రంగుకి తిరిగింది. లిథియం ఆనవాలు అదీ. మామూలు అభ్రకం అంత తేలిగ్గా కరగదు. 1861లో జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ రుబీడియం అనే లోహాన్ని కనిపెట్టింది ఈ ఖనిజంలోనే, ఆ ముక్క ఎందుకు వదిలేశారో! ఇంకోటి, కర్ణాటకలోని మండ్య జిల్లా మర్లగల్ల లిథియం నిక్షేపాన్నీ లెపిడోలైట్ గాటనే కట్టేశారు. అక్కడ ముఖ్యంగా ఉన్నది స్పోడుమీన్, అదీ లిథియం ఖనిజమే గానీ అభ్రకం జాతే కాదు.