కూర్మావతారానికి చప్పట్లు, తాబేలుకి తీన్మార్

మొన్న 2025 ఆగస్టు 30, శనివారం. మధ్యాహ్నం హాల్లో, ఇక్కడ ఫ్లోరిడాలోని మన తెలుగు సంఘం పిల్లల దశావతారాల నాటిక. కూర్మావతారం వేసిన ఏడేళ్ల బుడతడి వీపు మీది డిప్ప నేను చేసిందే. అట్టపెట్టె, ఆకుపచ్చ పెయింటు, రెండు రాత్రుళ్ల పని. వాడు పాక్కుంటూ వచ్చి మందర పర్వతాన్ని (అదీ అట్టపెట్టే) మోస్తుంటే హాలంతా ఒకటే చప్పట్లు. సాయంత్రానికి అదే జనం నిమజ్జనానికి బీచ్ చేరారు.

అక్కడేం జరిగిందో వచ్చినవాళ్లకి తెలుసు. వాట్సాప్ గ్రూపులో చదివినవాళ్లకి తెలిసిన కథ వేరు. పొద్దుగూకినా వినాయకుడు ఒడ్డునే ఉన్నాడు, ఎందుకంటే లడ్డూ వేలం ఇంకా తెగలేదు. జనరేటర్, రంగురంగుల ఎల్ఈడీ లైట్లు, స్పీకర్లో తీన్మార్. ఎనిమిదిన్నరకి ఎర్ర టార్చ్ పట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు. పక్కనే తాబేలు గూడుంది, నేడో రేపో పిల్లలు బయటికొస్తాయి, లైట్లు ఆర్పగలరా అని అడిగాడు. మనవాళ్లు పర్మిషన్ కాగితం చూపించారు. ఆయన కాగితం చూడకుండా మళ్లీ అదే అడిగాడు. వెనక నుంచి ఎవరో "ఈ తాతకి ఇంట్లో నిద్ర పట్టదా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆయనకి తెలుగు రాదు, కానీ నవ్వు తెలిసింది.

ఆయన నాకు తెలుసు. రిటైరైన సైన్సు టీచరు. నాలుగేళ్లుగా వారానికో పొద్దున ఆయనతో కలిసి ఆ ఇసుకలో నడుస్తున్నాను. ఆ రాత్రి పట్టుచీరలో, చేతిలో హారతి పళ్లెంతో, పది అడుగుల దూరంలో నిలబడి నోరు విప్పలేదు. ఆయన నన్ను చూశాడు. తల ఊపి వెళ్లిపోయాడు.

మర్నాడు నా వంతే. మేం చేసే పనిలో గొప్పేమీ లేదు. సూర్యోదయానికి బీచ్‌కి చేరి, రాత్రి ఏ తాబేలు ఎక్కడ ఎక్కిందో జాడ చూసుకుంటూ నడుస్తాం. తల్లి తాబేలు పాకిన దారి ట్రాక్టర్ టైరు అచ్చులా ఉంటుంది. లాగర్‌హెడ్ అనే జాతి తాబేలైతే కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది, పచ్చ తాబేలు జాతిదైతే రెండు ముందుకాళ్లూ కలిపి ఈడ్చుకుంటుంది. కొన్నిసార్లు పైదాకా వచ్చి, ఏదో నచ్చక, గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. గూడు దొరికితే నాలుగు కర్రలు పాతి టేపు కట్టి తేదీ రాస్తాం. గూటికి దాదాపు నూటపది గుడ్లు. రెండు నెలలకి అటూ ఇటూగా పిల్లలు పైకొస్తాయి. వచ్చిన మూడు రోజులకి, అనుమతి ఉన్నవాళ్లు గ్లవ్స్ వేసుకుని గూడు తవ్వి పెంకులు లెక్కపెడతారు. ఆ అనుమతి నాకు లేదు. నా పని పుస్తకంలో అంకెలు రాయడం.

పిల్లలు రాత్రిపూట, ఇసుక చల్లబడ్డాక బయటికొస్తాయి. ఎటు వెలుగుంటే అటు పోతాయి. లక్షల ఏళ్లుగా రాత్రివేళ ఒడ్డున అన్నిటికంటే వెలుగు సముద్రం మీదే ఉండేది కాబట్టి ఆ లెక్క తప్పలేదు. ఆ ఆదివారం పొద్దున జాడలు నీళ్ల వైపు లేవు. గూటి దగ్గర గుండ్రంగా తిరిగి, మనం లైట్లు పెట్టిన చోటుకొచ్చి, అక్కణ్ణుంచి కార్ పార్కింగ్ వైపు పోయాయి. తారు మీద ఏడు దొరికాయి. అరచేతిలో పట్టేంత.

మన లైట్లే చేశాయని నేను ప్రమాణం చేసి చెప్పలేను. పార్కింగ్‌లో ఒక దీపం ఉంది, కొంచెం దూరంలో హోటల్ ఉంది. పెద్దాయన కూడా ఆ మాట అనలేదు. ఏడూ బకెట్లోకి తీసి ఫారం నింపాడు. తర్వాత, రాత్రి మన పిల్లలెవరో తన చేతిలో పెట్టిన ఉండ్రాయి బాగుందన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది.

రెండు రోజులకి గ్రూపులో, ఆయన లైట్లు ఆర్పమనడం "మన సంస్కృతి మీద దాడి" అని మెసేజ్. కింద నలభై దండాలు.

దాడి చేసిందెవరు? లాగర్‌హెడ్లు ప్రపంచంలో ఎక్కువగా గుడ్లు పెట్టే తీరాల్లో మన ఈ తీరం ఒకటి. మెల్‌బోర్న్ బీచ్ నుంచి వబాసో దాకా ఇరవై మైళ్లు 1991 నుంచి, తాబేళ్ల శాస్త్రవేత్త ఆర్చీ కార్ పేరు పెట్టిన వన్యప్రాణి శరణాలయంగా కాపాడుతున్నారు. మనం వచ్చి పదేళ్లో ఇరవయ్యేళ్లో. అవి పుట్టిన తీరానికే పాతిక ముప్పై ఏళ్ల తర్వాత తిరిగొస్తాయి. ఆ మాట వింటే మనవాళ్లకి కళ్లు చెమర్చాలి కదా, మన పాటలన్నీ దాని గురించే.

మా ఊరిని పొగడడానికి ఇది రాయడం లేదు. మాది భీమిలి. చిన్నప్పుడు చలికాలంలో ఒడ్డుకి చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చేవి. మెడ వాచి, కళ్లు తేలేసి. మేం కర్రతో పొడిచి ఆడుకునేవాళ్లం. అవి ఊపిరికి పైకి రావాలని, ట్రాలర్ వలలో చిక్కితే నీళ్లలోనే ఊపిరాడక చస్తాయని ఎవరూ చెప్పలేదు. గుడ్లు కుక్కలు తవ్వేవి. అయితే వలలో బతికున్నది పడితే మాత్రం మా వీధి చివర జాలరిపేట అప్పలమ్మత్త పసుపు రాసి, కుంకుమ పెట్టి, "వెళ్లు తల్లీ" అని నీళ్లలోకి తోయించేది. కూర్మనాథుడు కదా. శ్రీకూర్మం ఎంత దూరం మాకు. ఇప్పుడు విశాఖ బీచ్‌లో అటవీశాఖ ఆలివ్ రిడ్లీ జాతి తాబేళ్ల గుడ్లని హేచరీల్లో పొదిగిస్తుంటే, రాత్రి కాపలా కాసేది అలాంటి ఇళ్ల మనుషులే. అక్కడ గుడ్లు తీసి కంచె లోపల పెట్టాలి, కుక్కలు, లైట్లు, జనం. ఇక్కడ చాలావరకు పెట్టిన చోటే వదిలేస్తారు, మన మీద నమ్మకంతో.

కమిటీ వాళ్ల బాధా నాకు తెలుసు. హాలు బుకింగ్, ఇన్సూరెన్స్, సాంబారు ట్రేలు, పార్కు అనుమతి, అన్నీ ఉద్యోగాల మధ్యే చేస్తారు. ఏడాదికొక్క సాయంత్రం. హోటళ్లనీ అడగాలి, ఒప్పుకుంటాను. మట్టి విగ్రహమే తెచ్చారు, దానికి దండం. అయినా ఆ ఒక్క సాయంత్రం గూళ్లు పగిలే రోజుల్లో పడుతోంది. వచ్చే ఏడాది, అంటే 2026లో, చవితి సెప్టెంబర్ 14న. సీజన్ అక్టోబర్ చివరిదాకా ఉంటుంది.

కాబట్టి అడుగుతున్నాను. లడ్డూ వేలం హాల్లోనే కానివ్వండి. బీచ్‌కి పొద్దుండగానే వెళదాం, చీకటి పడేలోపు గణపయ్యని సాగనంపి ఇంటికొచ్చేద్దాం. జనరేటర్ వద్దు. డప్పు చాలు, డప్పుకి కరెంటు అక్కర్లేదు. పిల్లలు తవ్విన గోతులు పూడ్చి, కుర్చీలు లెక్కపెట్టుకుని వెనక్కి తెద్దాం. తల్లి తాబేలు కుర్చీ కాళ్లలో చిక్కుకోవడం నేను చూశాను.

ఇంకొకటి. పొద్దున నడిచేవాళ్లలో తెలుగు మొహం నాదొక్కటే. కొత్తవాళ్లకి శిక్షణ సీజన్ మొదలయ్యే మార్చికి ముందే అయిపోతుంది, అందుకే పేర్లు జనవరిలోపు నాకు చెప్పండి. పిల్ల తాబేళ్లని పట్టుకుని ఫొటో దిగొచ్చని రాకండి, ముట్టుకోనివ్వరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బీచ్ చెత్త ఏరే శనివారాలకి రావచ్చు, మెల్లగా నడిస్తే సరిపోతుంది. పొద్దున ఐదున్నరకి లేవలేమంటారా, మన సంఘం సభ్యుల్లో సగం మంది ఆఫ్‌షోర్ (ఇండియా టీమ్) కాల్స్‌కి ఆ టైముకి మేలుకునే ఉంటారు. ఎర్ర టార్చ్‌లు నా దగ్గర రెండు ఎక్కువున్నాయి.