‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ లింకు గారికి,

ఉభయకుశలోపరి. మీకేం, క్షేమంగానే ఉంటారు. లాగిన్ పెట్టె కింద చిన్న అక్షరాల్లో, ఎవరికీ అడ్డం రాకుండా ఒదిగి కూర్చుంటారు. హడావిడంతా మీ పైనున్న పాస్‌వర్డ్ గారిదే. ఒక పెద్దక్షరం కావాలంటారు, ఒక అంకె కావాలంటారు, ఒక ఆశ్చర్యార్థకం కావాలంటారు, పోయినసారి పెట్టింది పనికిరాదంటారు. ఇన్ని అలకలు తీర్చి ఆయన్ను నిలబెడితే, తీరా అధికారమంతా మీదని తేలింది. మిమ్మల్ని ఒక్కసారి నొక్కి, మీరు పంపింది అందుకున్నారంటే చాలు, ఆయన ఉద్యోగం ఊడిపోతుంది.

మీరు అడిగేది ఒకే ఒక్క మాట, మర్చిపోయారా అని. అవునంటే నమ్మేస్తారు. మర్చిపోయినవాడికీ, ఎన్నడూ తెలియనివాడికీ మీ దగ్గర తేడా లేదు. మెయిల్‌కో లింకు, లేదంటే ఫోనుకో కోడు పంపుతారు. అది ఎవరి చేతిలో పడితే వాళ్లే యజమాని.

2008 సెప్టెంబరు సంగతి గుర్తుందా? అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ యాహూ మెయిల్‌కి కొత్త పాస్‌వర్డ్ కావాలని ఒక కాలేజీ కుర్రాడు వచ్చాడు. పుట్టినరోజు, జిప్ కోడ్, భర్తను ఎక్కడ కలుసుకున్నదీ అడిగారు. ఎన్నికల్లో నిలబడ్డ మనిషి గురించి ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరికే వివరాలే అవి. కుర్రాడు వెతుక్కొచ్చి అప్పజెప్పాడు, మీరు లోపలికి పంపారు. తర్వాత అతను జైలుకెళ్లాడు. మీరు మాత్రం కూర్చున్న చోటే ఉన్నారు.

ఆ రహస్య ప్రశ్నల మోజు తగ్గాక ఫోను నంబరును నెత్తికెత్తుకున్నారు. 2019 ఆగస్టులో ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ నంబరే వేరేవాళ్ల అధీనంలోకి వెళ్లింది. ఎస్ఎంఎస్‌తో ట్వీట్ చేసే సదుపాయం అప్పట్లో ఉండేది కాబట్టి, వాళ్లు ఆయన పేరు మీదే నానా చెత్తా రాసిపడేశారు. ఆయన పాస్‌వర్డ్‌లో ఆశ్చర్యార్థకం ఉందో లేదో ఎవరికీ అవసరం పడలేదు. అధిపతి నంబరుకే దిక్కు లేకపోతే, వాడకం మానేసిన పాత నంబరును సెట్టింగుల్లో అలాగే వదిలేసినవాళ్ల మాటేమిటి? ఆ నంబరును టెలికాం కంపెనీ ఎప్పుడో ఇంకొకరికి ఇచ్చేసి ఉంటుంది. మీరు మాత్రం భక్తిగా దానికే కోడు పంపుతారు.

ఇక దొంగ గారి కార్యదీక్ష చూడండి. ఎవరి సోషల్ మీడియా ఖాతాలోకైనా రాగానే అందులోని మెయిల్ అడ్రసు మారుస్తాడు, నంబరు మారుస్తాడు, ఆ వెంటనే టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడు కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేస్తాడు. అసలు ఖాతాదారు ‘తర్వాత చూద్దాం’ అని ఏళ్లుగా పక్కకు నెట్టిన పని అది! భద్రత గురించి మీ వాళ్లు ఇచ్చే సలహాలను తు.చ. తప్పకుండా పాటించేది లోకంలో వాడొక్కడేనేమో.

అప్పుడు సొంతదారు పరుగెత్తుకుంటూ మీ దగ్గరికొస్తాడు. మీరు తాపీగా, ‘ఈ అడ్రసుకు లింకు పంపమంటారా?’ అని ఒక మొదటి అక్షరం, వరసగా నక్షత్రాలు, చివర ఒక అంకె చూపిస్తారు. ఆ అక్షరం అతనిది కాదు. ఆ అంకె అతని ఏడు తరాల్లో ఎవరిదీ కాదు. కింద ఒకటే బటన్: ‘పంపు’. ఈలోగా అవతల ఇన్‌బాక్సుల్లో అతని పేరుతో ‘అర్జెంటు, కాస్త డబ్బు సర్దుతావా’ మొదలైపోతుంది. పుట్టి బుద్ధెరిగి వాక్యానికి ఫుల్‌స్టాప్ పెట్టని మనిషి ఉన్నట్టుండి కామాలతో సహా అప్పు అడుగుతుంటే అనుమానించాల్సింది స్నేహితులే.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు. మీ కుక్క, పాపం, సమయానికే మొరిగింది. ‘మీ మెయిల్ అడ్రసు మారింది, మార్చింది మీరు కాకపోతే ఇక్కడ నొక్కండి’ అని పాత మెయిల్‌కి ఉత్తరం వచ్చే ఉంటుంది. ఆ లింకుతో మార్పును వెనక్కి తిప్పుకోవచ్చు కూడా. కానీ అది జీమెయిల్‌లో ‘సోషల్’ అనే ట్యాబ్‌లో, ఎవరో ఎవరి ఫొటోనో లైక్ చేశారన్న వార్తల మధ్య పడి ఉంది. పైగా అచ్చం అలాంటి ఉత్తరాలే మోసగాళ్లూ పంపుతారు కాబట్టి, నిజమైనది కనిపించినా నొక్కడానికి చెయ్యి రాదు. ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు తాము పంపిన మెయిళ్ల జాబితాను యాప్ సెట్టింగుల్లోనే చూపిస్తారు, పోల్చుకోవచ్చు. చూడాలంటే లాగిన్ కావాలనుకోండి, అది వేరే ముచ్చట.

సెల్ఫీ వీడియో అడిగే దారీ ఒకటుంది. ముఖం అటూ ఇటూ తిప్పి చూపిస్తే, ఖాతాలోని ఫొటోలతో పోల్చి నమ్ముతారు. ఇన్నాళ్లూ పువ్వులూ సూర్యాస్తమయాలే పెట్టుకున్నవాళ్లు ఏ ముఖం చూపించాలో సెలవివ్వండి.

ఒక్క మనవి. మీ పేరు కింద ఇంకో వాక్యం రాయించుకోండి: ‘ముందు మెయిల్ సంగతి చూసుకోండి’. దొంగ మెయిల్‌లోనే కాపురముంటే, మీరు పంపే ప్రతి లింకూ మొదట వాడే చదువుతాడు. మెయిల్ పాస్‌వర్డ్ మార్చినా సరిపోదు. మీ ఉత్తరాలన్నీ ఇంకో అడ్రసుకు ఫార్వర్డ్ అయ్యేలా, లేదా నేరుగా ట్రాష్‌లో పడేలా ఫిల్టరు పెట్టి వెళ్లి ఉండొచ్చు. ఆ తర్వాత సోషల్ ఖాతాలోకి వచ్చి, దొంగ చేర్చిన నంబర్లు తీసేసి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ కొట్టాలి. పాస్‌వర్డ్ మారినంత మాత్రాన అప్పటికే లోపలున్నవాడు ప్రతిచోటా బయటికి పోడు. ఎప్పుడో ‘మీరు పూర్వజన్మలో ఎవరు?’ అనే క్విజ్ కోసం అనుమతి ఇచ్చిన యాప్‌లనూ పీకేయాలి. టూ-స్టెప్‌కి ఎస్ఎంఎస్ కన్నా, ఫోనులోనే కోడు పుట్టించే ఆథెంటికేటర్ యాప్ నయం. ఫోను చేతిలో లేనప్పుడు పనికొచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకోమంటే జనం స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోనులో దాస్తారు. ఫోను పోయిన రోజున మళ్లీ మీ గుమ్మం ముందుకే వస్తారు.

ఇట్లు,
ఖాతాదారు (ప్రస్తుతానికి)

తా.క.: ఖాతా పోయిందని ఎవరైనా బహిరంగంగా మొత్తుకోగానే, ‘నాదీ ఇలాగే పోతే ఫలానా ఆయన గంటలో తెప్పించాడు’ అంటూ ఎక్కడినుంచో దిగుతున్నారు. ఫలానా ఆయన ముందు ఫీజు అడుగుతాడు, తర్వాత ఫోనుకొచ్చిన కోడు అడుగుతాడు. ఆయన మీ శాఖవాడేనని జనం నమ్ముతున్నారు. కాదని మీ నోటితో ఒక్క మాట చెప్పండి.