ఉప్పు, వెనిగర్ కలిపిన నీళ్లు పూలమొక్కలకు మందు కావు

రెండు చెంచాల ఉప్పు, అర కప్పు వెనిగర్, ఒక చెంచా గిన్నెలు తోమే ద్రవం లీటరు నీళ్లలో కలిపి మిట్టమధ్యాహ్నం ఎండలో పిచికారీ చేస్తే పూలమొక్కల మీది పురుగులన్నీ చస్తాయని, మిగిలిన నీళ్లు మొక్క మొదట్లో పోస్తే పసుపెక్కిన ఆకులు పచ్చబడతాయని, ఇవన్నీ వంటింటి వస్తువులే కనుక ఏ హానీ ఉండదని చెప్పే సందేశం ఒకటి అనంతపురంలో మిద్దె తోటలు పెంచేవారి ఫోన్లలో చాలాకాలంగా తిరుగుతోంది. పూలు సాయంత్రానికే వాడిపోతే మొక్కకు పురుగు పట్టినట్లేనని కూడా అందులో ఉంది. మా వీధిలో ఒకావిడ దీన్ని నమ్మి వరుసగా మూడు వారాలు చల్లి, ఆరు చామంతి కుండీలు పోగొట్టుకున్నారు. అందుకే ఇందులోని ప్రతి మాటనూ విడిగా పరిశీలించడం అవసరమనిపించింది.

వంటింటి వస్తువు కనుక హాని లేదన్న మాటే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. రెండు చెంచాల ఉప్పు అంటే సుమారు 10 గ్రాములు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుందని గుర్తుచేసుకుంటే, మనం మొక్కకు పోస్తున్నది సముద్రపు నీటిలో మూడో వంతు ఉప్పదనం ఉన్న నీరని అర్థమవుతుంది. మట్టిలో ఉప్పు పెరిగే కొద్దీ వేరు నీటిని పీల్చుకోలేదు. కుండీ తడిగా ఉన్నా మొక్క దాహంతోనే ఎండుతుంది, ఆకుల అంచులు మాడుతాయి. వేపనూనె కొన్నాళ్లకు విచ్ఛిన్నమైపోతుంది గానీ ఉప్పు మట్టిలో అలాగే ఉండిపోతుంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో దాన్ని కడిగేసే నీరు పైనుంచి రావడం అరుదు, పైగా మనం రోజూ పోసే బోరు నీటిలోనే చాలాచోట్ల లవణాలు ఎక్కువ. కర్నూలు, కడప వైపు నల్లరేగడి మట్టితో కుండీలు నింపుకునేవారికి నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఉప్పులోని సోడియం బంకమట్టి రేణువులను విడగొట్టి, నీరు, గాలి ఆడకుండా గట్టిపరుస్తుంది. ఇక వెనిగర్‌లోని ఆమ్లం లేత ఆకును, మొగ్గను కాలుస్తుంది. గాఢంగా ఉన్నప్పుడు దాన్ని కలుపు మొక్కలను మాడ్చడానికే వాడతారు.

సబ్బు విషయంలో మాత్రం సందేశంలో కొంత నిజముంది. పేనుబంక, పిండినల్లి వంటి మెత్తని శరీరం ఉన్న పురుగుల పైపొరను సబ్బు నీరు దెబ్బతీసి, వాటిని ఎండిపోయేలా చేస్తుంది. అయితే అది పురుగును నేరుగా తడిపినప్పుడే పనిచేస్తుంది, ఆరిన తరువాత దానికి బలం లేదు. గిన్నెలు తోమే ద్రవం ఈ పనికి తయారుచేసిన సబ్బు కాదు. అది జిడ్డుతో పాటు ఆకు మీది మైనపు పొరనూ తీసేస్తుంది. మన బోరు నీళ్లలో బట్టల సబ్బు నురగ రాక తెట్టుకట్టడం అందరం చూసిందే. మొక్కల మీద చల్లే సబ్బుకూ అదే గతి పడుతుంది కనుక పట్టి ఉంచిన వాననీరు వాడటం మేలు.

పురుగులన్నీ చస్తాయన్నది అసలే కుదరదు. మల్లెలో మొగ్గతొలుచు పురుగు మొగ్గ లోపల ఉంటుంది, తామర పురుగులు గులాబీ రేకుల మడతల్లో దాక్కుంటాయి. పైన చల్లినది వాటికి అందదు. గులాబీ మీది బూడిద తెగులు పురుగే కాదు, శిలీంధ్రం. మరోవైపు పేనుబంకను తినే అక్షింతల పురుగు పిల్లలు ఈ పిచికారీకి బలైపోతాయి. మందారం కొమ్మల మీద చీమలు బారులు తీరితే చీమలను చంపాలని చూస్తాం గానీ, అవి వచ్చేది పేనుబంక, పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం. పిండినల్లి బాగా పట్టిన కొమ్మను కత్తిరించి సంచిలో కట్టి పారవేసి, మిగిలినవాటిని నీటిధారతో కొట్టి కడిగి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బుతో కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా వారానికొకసారి చల్లడం నా అనుభవంలో చాలినంత మందు.

మిట్టమధ్యాహ్నపు పిచికారీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 40 డిగ్రీలు దాటే మన ఎండలో ఏ నూనె, ఏ సబ్బు చల్లినా ఆకు మాడుతుంది.

పసుపెక్కిన ఆకులు ఆ నీళ్లతో పచ్చబడతాయన్నది కూడా తొందరపాటే. లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అది చాలావరకు ఇనుము లోపం. సున్నం, క్షారం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. బుడ్డల (వేరుశనగ) పంట పండించే మన రైతులకు ఇది పాత సంగతే. వారు వేరుశనగకు వాడే కొలతనే, అంటే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుమును అందించే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, ముందు ఒకటి రెండు ఆకుల మీద పరీక్షించి, చల్లని వేళ కుండీ మొక్కలకు పిచికారీ చేయవచ్చు.

పూవు సాయంత్రానికి వాడితే రోగమన్న మాట డే లిల్లీ పెంచేవారిని అనవసరంగా భయపెడుతోంది. డే లిల్లీ పూవు ఆయుష్షే ఒక్క రోజు. దాని శాస్త్రీయ నామమైన హెమరోకాలిస్‌కు మూలమైన గ్రీకు మాటలకు పగటి అందమనే అర్థం. మన మందారమూ చాలావరకు అంతే. మరునాడు అదే కాడ మీద వేరే మొగ్గ విచ్చుకుంటుంటే ఆ మొక్కకు ఏ జబ్బూ లేదు. పూవు వాడటం కాక, మొగ్గలు విచ్చుకోకముందే వంకరపోయి రాలుతుంటేనే తామర పురుగుల కోసం వెతకాలి.

ఇప్పటికే ఆ నీళ్లు పోసినవారు ఎరువులు వేయడం ఆపి, కుండీ అడుగు రంధ్రం మూసుకుపోలేదని చూసుకొని, కుండీ పరిమాణానికి రెండు మూడింతల మంచినీటిని నెమ్మదిగా పోసి, కిందికి పూర్తిగా కారనివ్వాలి. కుండీ కింద పళ్లెం ఉంటే తీసేయాలి, కారిన ఉప్పునీటిని మట్టి తిరిగి పీల్చుకుంటుంది. సెప్టెంబరు వానల్లో ఆ కుండీలను మిద్దె మీద ఆరుబయట ఉంచితే మిగిలిన ఉప్పు కూడా చాలావరకు కడుక్కుపోతుంది.