నేపుల్స్ గుమ్మాలు మూతపడుతున్నాయి

ఇటలీలోని నేపుల్స్ అనగానే మనకు పిజ్జా, వెసూవియస్ అగ్నిపర్వతం, ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా గుర్తొస్తారు. ఆ ఊరిని నిలబెట్టింది మాత్రం నేలమట్టంలోని ఒంటిగది ఇళ్లు. వాటిని అక్కడ 'బాస్సో' అంటారు. స్పానిష్ క్వార్టర్స్ అనే పాత వాడ సందుల్లో తలుపు తీస్తే నేరుగా వీధే. లోపల మంచం, పొయ్యి, టీవీ. గుమ్మం ముందు ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్న పెద్దావిడకు వీధంతా తెలుసు. పై అంతస్తు నుంచి తాడు కట్టిన బుట్ట దిగుతుంది. కొట్టువాడు అందులోని డబ్బు తీసుకుని కూరగాయలు పెడతాడు, బుట్ట పైకి పోతుంది.

ఇప్పుడు ఆ బాస్సోలు వరసగా పర్యాటకులకు రోజువారీ అద్దె గదులైపోతున్నాయి. దీన్ని నేను అభివృద్ధి అనలేను. ఉపాధి కరువైన ఊరికి పర్యాటకమే దిక్కని, ఆ గదుల్లో గాలీ వెలుతురూ ఉండవని కొందరంటారు. నిజమే. మరి వాటిని బాగుచేసి ఉన్నవాళ్లకే ఎందుకివ్వకూడదు? 1884లో కలరా వచ్చినప్పుడూ ఆరోగ్యం పేరు చెప్పి పాత వాడలు కూలగొట్టారు, వెడల్పాటి కోర్సో ఉంబెర్తో రోడ్డు వేశారు. దాని పక్కన లేచిన కొత్త భవనాల అద్దెలు పేదలకు అందలేదు. వాళ్లు మిగిలిన సందుల్లోకే వెళ్లి ఇరుక్కున్నారు. ఇప్పుడు ఆ సందుల్లోనూ చోటు లేదంటున్నాం.

'సస్పెండెడ్ కాఫీ' సంగతే చూడండి. ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బిస్తారు. తర్వాత డబ్బుల్లేని మనిషెవరో వచ్చి, సోస్పేసో (అలా ముందే డబ్బు కట్టిన కాఫీ) ఉందా అని అడిగి తాగిపోతాడు. ఇచ్చినవాడెవరో అతనికి తెలియదు. రోజూ అదే కాఫీ బార్‌కు వచ్చే మనుషులు ఉన్నంతకాలమే ఈ అలవాటు నిలుస్తుంది. రెండు రాత్రులుండి వెళ్లేవాళ్లతో నిలవదు. 2017లో యునెస్కో గుర్తించింది కూడా నేపుల్స్ పిజ్జా చేసేవాళ్ల చేతి పనినే. పొయ్యి పక్కన నిలబడి పెద్దవాళ్లను చూసి నేర్చుకునే పని అది. అలా నేర్చుకునే కుర్రాడి ఇల్లే ఊరి చివరికి పోతే అతను ఎక్కడ నిలబడి నేర్చుకుంటాడు?

వెనిస్‌లో ఏమైందో చూస్తూనే ఉన్నాం. 1951లో పాత నగరంలో దాదాపు 1,75,000 మంది ఉండేవారు, 2022 నాటికి 50,000 కంటే తగ్గిపోయారు. ఇప్పుడక్కడ ఏడాదిలో కొన్ని రోజులు, ఒక్కపూట వచ్చిపోయేవాళ్లకు ఊళ్లోకి రావడానికే టికెట్. ఫ్లోరెన్స్ మాత్రం 2023లో పాత నగరంలో కొత్తగా ఇలాంటి అద్దెలు వద్దని నిర్ణయించింది. నేపుల్స్ కూడా ఆ పని చేయాలి, ఇంకా గట్టిగా చేయాలి. ప్రభుత్వం ప్రతి అద్దె గదికీ ఒక గుర్తింపు కోడ్ నంబర్ ఇచ్చినంత మాత్రాన ఖాళీ చేసిన కుటుంబం వెనక్కి రాదు.

స్పానిష్ క్వార్టర్స్‌లో ఒక భవనం గోడ మొత్తం మారడోనా బొమ్మ ఉంది. 1990లో ఊరి ఫుట్‌బాల్ జట్టు నాపోలీ రెండోసారి ఇటలీ ఛాంపియన్ అయినప్పుడు వాడవాళ్లు తమ సంబరం కోసం వేయించుకున్నది. ఇప్పుడు దాని ముందు రోజంతా సెల్ఫీల జనం. మారడోనా ముఖం సరిగ్గా ఒక కిటికీ మీద పడుతుంది. ఫొటోలో బొమ్మ పూర్తిగా రావాలంటే ఆ ఇంటి కిటికీ మూసి ఉండాలి.