కత్తికి ‘మొదటి ఓనరే’ ఎందుకు?

పాత కత్తుల వేలంలో రేటు తేల్చేది ఉక్కు కాదు, పేరు. బ్రిటిష్ అశ్వికదళ అధికారి కత్తి వేలానికొస్తే కొనేవాళ్లు ముందు చూసేది వెనక అంచు మీది నంబరు. లండన్ కత్తుల తయారీ సంస్థ విల్కిన్సన్ 1854 నుంచి రాసిపెట్టిన రిజిస్టర్లలో వెతికితే, ఆ నంబరు కత్తి కొన్న అధికారి పేరు చాలాసార్లు దొరుకుతుంది. పేరు దొరికిందా, రెజిమెంటు, యుద్ధాలు, పతకాలు వరసగా వచ్చేస్తాయి. రేటూ లేస్తుంది.

ఈ ‘మొదటి ఓనరు’ పిచ్చి నాకు మింగుడుపడదు. ఆయన చేసిందల్లా డబ్బు కట్టడం! అధికారులు సొంత సొమ్ముతో కొనుక్కునేవారు కాబట్టి వాళ్ల పేర్లు మిగిలాయి. మామూలు రౌతుకు సర్కారు ఇచ్చిన కత్తి మీద దళం గుర్తు, ఓ అంకె. అంతే.

రిజిస్టరు లేకపోతే నకిలీలు పట్టుకోవడం కష్టమంటారు సేకర్తలు. ఒప్పుకుంటాను. కానీ ఆ కత్తి ఎవరి చేతిలో పనిచేసిందో రిజిస్టరు చెప్పదు.

లూయీ నోలన్ చెప్పాడు. 15వ హుస్సార్స్ అనే బ్రిటిష్ అశ్వికదళంలో కెప్టెన్, మన దేశంలో పనిచేసి వెళ్లి 1854లో క్రిమియా యుద్ధంలోని బాలక్లావా దాడి మొదట్లోనే చనిపోయినవాడు. నిజాం రౌతులు తమకంటే ఎక్కువ మంది ఉన్న రోహిల్లా పఠాన్లను ఓడించిన ఒక పోరు గురించి 1853 నాటి తన పుస్తకంలో రాశాడు. డాక్టరు నివేదిక చూసి ఆయనకు మతిపోయింది: భుజం దగ్గర తెగిన చెయ్యి, మొండెం నుంచి వేరైన తల. ఇవేం కత్తులని ఆరా తీస్తే తేలిందేమిటంటే, చాలావరకు బ్రిటిష్ సైన్యం పనికిరావని వదిలించుకున్న డ్రాగూన్ (గుర్రపు దళం) కత్తులే! మనవాళ్లు ఆ అలుగులకు తమ తరహా పిడులు బిగించి, మంగలికత్తిలా సానపట్టి, చెక్క ఒరల్లో దాచుకున్నారు. పోరులో తప్ప దూసేవారు కాదు. బ్రిటిష్ వాళ్లదేమో ఇనుప ఒర. కవాతు కవాతుకీ దూసి, దోపి, ఉన్న పదును కాస్తా ఒరకే అర్పించేవారు. వేటు వెయ్యడం ఎలా నేర్పుతారని నోలన్ అడిగితే, నేర్పేదేముంది, పదునైన కత్తి ఎవరి చేతిలోనైనా తెగుతుందన్నాడట ఒక రౌతు.

ఇప్పుడు చెప్పండి, ఆ కత్తి ఎవరిది? పారేసిన దళానిదా, పదును పెట్టినవాడిదా?

2025లో మహారాష్ట్ర ప్రభుత్వం 47.15 లక్షలు పెట్టి తెచ్చుకున్న నాగపూర్ మరాఠా పాలకుడు రఘూజీ భోంస్లే కత్తి అలుగు కూడా ఐరోపాదే. అయినా దాన్ని రఘూజీ కత్తి అనే అంటున్నారు. రాజుగారు కాబట్టి బంగారంతో పేరు చెక్కించుకున్నారు, సరిపోయింది. రౌతుకు ఆ స్తోమత ఎక్కడిది?

అసలు ఉక్కు కాచినవాడి మాటే లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ రకం ఉక్కుతో చేసిన కత్తికి లోకం పెట్టిన పేరు సిరియా నగరం డమాస్కస్‌ది! కమ్మరి ఊరు పోయి సంత ఊరు మిగిలింది.

మన మ్యూజియంలు కూడా తక్కువ తినలేదు. ‘కత్తి, ఉక్కు, 18వ శతాబ్దం’ అని చీటీ అంటించి చేతులు దులుపుకుంటే ఎలా? అలుగు ఎక్కడిది, పిడి ఎక్కడ వేశారు, సానపట్టిన గుర్తులున్నాయా, ఒర చెక్కదా ఇనుముదా, ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఏ విల్కిన్సన్ రిజిస్టరూ అక్కర్లేదు.